ఈఆర్‌సీపీ చరిత్రలో పేగు చిల్లు కథ

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన చరిత్ర ఇక్కడ రాస్తున్నాను. ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి గొట్టం పంపి, చిన్నపేగు మొదట్లో పిత్తనాళం తెరుచుకునే చోటు పట్టుకుని, ఇరుక్కున్న రాయి తీయడం. మనవాళ్లు 'ఎండోస్కోపీలో రాయి తీశారు' అంటారే, అదే.

1968లో వాషింగ్టన్‌లో మెక్‌కూన్ అనే సర్జన్, తోటి డాక్టర్లు ఆ నాళంలోకి ఎండోస్కోపుతో మందు ఎక్కించి ఎక్స్‌రే తీశామని రాశారు. వాళ్ల ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది: స్కోపు పక్కన సన్నటి గొట్టాన్ని టేపుతో అంటించారు, అంతే! అప్పటికి అది బొమ్మ తీయడమే. 1974కల్లా జర్మనీ, జపాన్ డాక్టర్లు నాళం మూతిని కరెంటు తీగతో కోసి రాళ్లు తీయడం మొదలుపెట్టారు. పేగు గోడ పలచన. కోత కాస్త ఎక్కువైతే వెనక్కి చిల్లు పడుతుంది.

1996లో ఫ్రీమన్ బృందం అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో ఈ కోత జరిగిన 2,347 మందిని లెక్కేసింది. చిల్లు పడింది 0.3 శాతం మందికే. అరుదు కాబట్టే డాక్టర్లకీ సందేహం: వెంటనే కడుపు కోయాలా, ఆగాలా? 2000లో లాస్ ఏంజెలెస్ నుంచి స్టాఫర్ బృందం చిల్లుల్ని నాలుగు రకాలుగా విడదీసింది. స్కోపే పేగు గోడని చీల్చితే సాధారణంగా ఆపరేషనే. కోత దగ్గర పడ్డ చిన్న చిల్లయితే చాలాసార్లు నోటికేమీ ఇవ్వకుండా, యాంటీబయాటిక్స్‌తో కనిపెట్టుకుని ఉండొచ్చు. నాలుగోది ఒట్టి గాలే. నా దృష్టిలో మొదటి ఈఆర్‌సీపీ కన్నా ఈ విభజనే పెద్ద మేలు.

కానీ అదంతా త్వరగా కనిపెడితేనే. చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. రూమ్‌లో నలుగురం, తెల్లారితే షిఫ్ట్, ఇన్సూరెన్స్ ఉందో లేదో. నొప్పొస్తే గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకుంటాం. తగ్గని కడుపునొప్పి, వెన్నులోకి పాకే నొప్పి, జ్వరం, మెడ దగ్గర వాపు, నొక్కితే కరకరమనడం... వీటిలో ఏదొచ్చినా ఆగకండి, 911కి కాల్ చేయండి.

1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం, మెడికేర్ తీసుకునే ఆసుపత్రులు (దాదాపు అన్నీ) ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని డబ్బుతో పని లేకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడ చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, ఫోన్‌లోనైనా ఉచితంగా ఇస్తారు. లోపలికి వెళ్లగానే మొదటి మాటగా 'ఫలానా రోజు ఈఆర్‌సీపీ అయింది' అని చెప్పండి. ఆ ఒక్క మాటతో సీటీ స్కాన్ ఆలోచన డాక్టర్‌కి ముందే వస్తుంది.