గోదాములోకి యంత్రాలు: ముందు లెక్క తేలాలి

కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, నూనె, పాలపొడి... కిరాణా కొట్టుకు చేరే ముందు ఇవన్నీ ఏదో ఒక గోదాములో ఆగుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కలైనా, మనవాళ్లు చాలామంది పనిచేసే గల్ఫ్‌లోనైనా హమాలీ, హెల్పర్, స్టోర్‌కీపర్ పనుల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఇప్పుడు ఆ గోదాముల్లోకి ఆటోమేషన్ వస్తోంది. దాన్ని ఏ వరుసలో చేయాలి, పనివాళ్ల సంగతేమిటి అన్నది యజమానులూ పనివాళ్లూ ఇద్దరూ తెలుసుకోవాలి.

తినే సరుకు తీరు వేరు

ఇనుప సామాను నాలుగు నెలలు మూలన పడున్నా పెద్ద నష్టం లేదు. తినే సరుకుకు గడువు తేదీ ఉంటుంది. అందుకే ఇక్కడ ‘ముందు గడువు తీరేది ముందు బయటికి’ అన్నదే అసలు సూత్రం. దీన్నే ఫెఫో అంటారు. ‘ముందు వచ్చింది ముందు పోవాలి’ అనే ఫిఫో ఒక్కటే చాలదు. ఎందుకంటే నిన్న దిగిన లోడు గడువు, పోయిన వారం దిగిన లోడు కంటే ముందే తీరిపోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 లైసెన్సింగ్ నిబంధనల షెడ్యూల్ 4లో కూడా ఈ పద్ధతుల ప్రస్తావన ఉంది. చేత్తో రాసే రిజిస్టర్‌తో ఇది తప్పిపోవడం సులువు. చేతికందిన పెట్టె లారీ ఎక్కుతుంది, గోడ పక్కది అక్కడే గడువు తీరిపోతుంది.

మొదటి మెట్టు: స్కానర్

చాలామంది ముందే కన్వేయర్ కొందామనుకుంటారు. స్టాకు లెక్క తప్పుగా ఉంటే, యంత్రం ఆ తప్పు సరుకునే ఇంకా వేగంగా పంపుతుంది. కాబట్టి ముందు ప్రతి ర్యాక్‌కు నంబరు, ప్రతి పాలెట్‌కు లేబుల్, పనివాడి చేతికి స్కానర్ ఇవ్వాలి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ప్యాకెట్ మీద మామూలుగా కనిపించే 13 అంకెల బార్‌కోడ్ వస్తువేమిటో మాత్రమే చెబుతుంది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులో ఉండవు. సరుకు దించేటప్పుడే ఆ రెండూ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి, లేదా అవి కూడా పట్టే జీఎస్1-128 లేబుల్ వాడాలి. అప్పుడే, ఒక బ్యాచ్‌లో లోపముందని కంపెనీ వెనక్కి పిలిస్తే అది ఏయే షాపులకు వెళ్లిందో వెంటనే తెలుస్తుంది.

రెండో మెట్టు: బరువు, చలి

లెక్క కుదిరాక, ఎక్కువ బరువు, ఎక్కువ నడక ఉన్న చోట యంత్రం పెట్టాలి. ఎలక్ట్రిక్ పాలెట్ ట్రక్, కన్వేయర్, పాలెట్‌కు ప్లాస్టిక్ చుట్టే మెషిన్ లాంటివి. ఎత్తైన ర్యాక్‌ల్లో క్రేన్ తనంతట తానే పాలెట్లు పెట్టి తీసే పద్ధతి కోల్డ్ స్టోరేజీకి బాగా పనికొస్తుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో మనిషి ఎక్కువసేపు నిలవలేడు కదా! రకరకాల చిన్న ప్యాకెట్లు కలిపి కట్టే పనికి మాత్రం మనిషి చెయ్యే ఇప్పటికీ చురుకు.

మార్పు సీజన్‌లో పెట్టుకోవద్దు. ఎండాకాలం, రంజాన్ గిరాకీ దాటాక ఒక్క రకం సరుకుతో మొదలుపెట్టి, కొన్ని వారాలు పాత రిజిస్టర్‌నూ పక్కన నడపాలి. కరెంటు పోతే, సర్వర్ ఆగితే ఏం చేయాలో కాగితం మీద రాసి ఉండాలి.

పనివాళ్ల సంగతి

మగవాళ్లు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆ భారం యంత్రం మోస్తే మంచిదే. కానీ మోసినవాడికి మరో పని చూపించాలి. స్కానర్ ఆపరేటర్, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్, స్టాక్ కంట్రోలర్, మెషిన్ మెయింటెనెన్స్ ఇప్పుడు వచ్చే ఉద్యోగాలు. ఏ మూలన ఏ సరుకుందో తెలిసిన పాత హమాలీకి శిక్షణ ఇవ్వడం కొత్తవాణ్ణి తెచ్చుకోవడం కంటే మేలు.

మన దేశ చట్టం ప్రకారం, ఏడాది నిరంతరంగా పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసేస్తే నెల నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. అందుకే హాజరు, జీతం చీటీలు భద్రంగా దాచుకోండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు వీసా సాధారణంగా యజమానితోనే ముడిపడి ఉంటుంది. కాబట్టి మెషిన్ వస్తోందని వినగానే, శిక్షణకు తమ పేరు రాయమని ముందే అడగడం మంచిది.