గృహములలో ఫొటోల ముద్రణ – సీడీలపై బొమ్మలు

ఇంటిలో వాడుకొనుటకు ఫొటోలు అచ్చొత్తు ప్రింటరును కొనబోవువారు అంగడిలో మొదట అడుగునది వెల. రెండవది వేగము. ఆ రెండింటికిని దుకాణదారుడు వెంటనే బదులు చెప్పును. మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. అచ్చైన బొమ్మ యెన్నాళ్లుండును? ఆ బొమ్మను ఏ సీడీపై ముద్రించితిమో ఆ సీడీలోని పాటయు మాటయు ఎన్నాళ్లు వినబడును? దీనికి సమాధానము ధరల పట్టీలో దొరకదు. గడచిన నూట యెనుబది యేండ్ల చరిత్రలో చాలవరకు దొరకును.

1839లో డగేరు పద్ధతి పారిస్ నగరమున వెల్లడియైన నాడు బొమ్మ వెండిపూత గల రాగిరేకుపై నుండెడిది. దానికి రెండవ ప్రతి లేదు. 1850లో ఫ్రాన్సుననే బ్లాంకార్ ఎవ్రార్ అను నతడు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ప్రవేశపెట్టిన పిమ్మట కాగితపు ప్రతులు దేశదేశముల వ్యాపించెను. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాగ్రాహకుడైన లాలా దీనదయాళ్ (1844-1905) పనితనమును మనము నేటికిని చూడగలుగుట అట్టి కాగితపు చలువయే. ఆ ప్రతులు కొంత పసుపెక్కినవి. కాని ముఖములు చెదరలేదు. వానిలో బొమ్మను నిలిపినది లోహము. వెండి అంత సులభముగ మాయదు.

1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడక్ కెమేరాను విక్రయింప నారంభించెను. అందు నూరు బొమ్మలకు సరిపడు చుట్ట యుండెడిది. అది ముగిసిన పిమ్మట కెమేరానే రోచెస్టరునకు పంపినచో, చుట్టను కడిగి, బొమ్మలు అచ్చొత్తి, క్రొత్త చుట్టను అమర్చి తిరిగి పంపెడివారు. ఆ నాటితో బొమ్మ తీయుట ఇంటిపని యయ్యెను. అచ్చొత్తుట కార్ఖానా పని యయ్యెను. ఇంటిలో చీకటిగది కట్టుకొన్న కొందరు ఔత్సాహికులను మినహాయించినచో ఈ యేర్పాటు నూరేండ్లు నడచినది.

ఇంతలో రంగులు వచ్చినవి. 1942లో వెలువడిన కొడాకలర్ మొదలుకొని కాగితముపై రంగు ఫొటోలలో బొమ్మను నిలుపునది వెండి కాదు, రసాయనికమైన రంగులు. రంగు మాయును. మన యిండ్లలో 1970లనాటి పెండ్లి ఆల్బములను తెరచి చూడుడు. తాతగారి నలుపు తెలుపు చిత్రము నిబ్బరముగా నిలిచియుండగా, మనుమరాలి రంగుల చిత్రము ఎఱ్ఱబారి కనబడును. నీలిరంగు ముందుగా వెలిసిపోవుటయే దానికి కారణము. ఈ సంగతి గుర్తుంచుకొన వలసినది. ఏలయన ఇదే దొంగ మరల రానున్నాడు.

అచ్చుపనిని తిరిగి ఇంటికి చేర్చినది సిరాచుక్క. సన్నని ధార తనంతట తానే చుక్కలుగా ఏల విరుగునో 1878లో లార్డ్ రాలీ గణితముతో వివరించెను. 1950ల తొలి యేండ్లలో స్వీడను దేశమున రూనె ఎల్మ్‌క్విస్ట్ అను నతడు వైద్యులకు పనికివచ్చు రేఖాపటములను గీయుటకు సిరాధారను వాడెను. 1958లో రోగి శరీరములోనే అమర్చిన తొలి పేస్‌మేకరును నిర్మించినవాడును ఈయనయే. 1977లో జపానులో కేనన్ సంస్థకు చెందిన ఇచిరో ఎండో పని చేయుచుండగా, కాగిన టంకపు కడ్డీ సిరా నింపిన సిరంజి సూదికి తగిలి సిరా చివ్వున చిమ్మినది. వేడికి పుట్టిన బుడగ సిరాను ముందుకు నెట్టినదని ఆయన గ్రహించెను. అమెరికాలో హ్యూలెట్ పేకార్డ్ వారును వేరుగా ఇదే మార్గమును కనుగొని, 1984లో థింక్‌జెట్ అను చిన్న యంత్రమును అమ్మకమునకు పెట్టిరి. ఎప్సన్ సంస్థ వేడిని విడిచి, విద్యుత్తు తగిలినపుడు వంగునట్టి స్ఫటికపు పలకతో సిరాను నెట్టించెను. 1994లో ఆ సంస్థ తెచ్చిన స్టైలస్ కలర్ అంగుళమునకు 720 చుక్కలు వేయగలిగినది. తరువాత లేత నీలము, లేత మెజెంటా చేర్చి ఆరు రంగులు చేసిన పిమ్మట బుగ్గమీది నీడ కూడ చుక్కలు కనబడకుండ దిగినది.

ఇక 2000వ సంవత్సరపు కథ. ప్రింటరు కొనువారు దీనిని తప్పక తెలిసికొనవలెను. ఆ యేడు ఎప్సన్ వారు స్టైలస్ ఫొటో 870, 1270 అను రెండు నమూనాలను విడుదల చేసిరి. తగిన కాగితముపై బొమ్మలు దాదాపు పదేండ్లు వెలియక నిలుచునని చెప్పబడెను. కొన్నవారు సంతోషముతో పిల్లల బొమ్మలు అచ్చొత్తి గోడకు తగిలించిరి. కొన్ని యిండ్లలో వారములు తిరుగకముందే అవి నారింజరంగునకు మారినవి. అద్దము బిగించిన చట్రములో నున్నవి బాగుగనే యున్నవి. బయట గాలికి వదలినవే చెడినవి. ఒక యింట చెడక వేరొక యింట చెడుట మొదట వింతగ తోచినది. పిదప కారణము తేలినది. గాలిలోని ఓజోను వాయువు సయాన్ అను నీలిరంగును తినివేయుచున్నది. నీలము పోగా మెజెంటా, పసుపు మిగులును. ఆ రెండును కలిసిన నారింజయే. పదేండ్ల లెక్క వెలుతురును బట్టి కట్టినది. గాలి ఆ లెక్కలోనికి రాలేదు. ఫొటోల మన్నికపై 1993లోనే పెద్ద గ్రంథము వెలువరించిన హెన్రీ విల్‌హెల్మ్ వంటి పరీక్షకులు ఆ తరువాత ఓజోనును గూడ కొలువజొచ్చిరి.

దోషము సిరాది మాత్రమే యనుట న్యాయము కాదు. తాకగానే ఆరిపోవు మెరుపు కాగితమున సూక్ష్మమైన రంధ్రముల పూత యుండును. సిరా వెంటనే అందు దిగును. గాలియు వెంటనే దిగును. వేరొక జాతి కాగితమున పూత సిరాను పీల్చి ఉబ్బి, రంగును తనలో మూసికొనును. అది గాలికి తట్టుకొనును గాని ఆలస్యముగ ఆరును, తడి తగిలిన చెడును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో వానకాలమున ఈ రెండవ కాగితము అంటుకొనుట సహజము. ప్రకటనలలో కనబడు మన్నిక యేండ్లను మన వాతావరణమునకు అట్లే అన్వయించుకొనుట తొందరపాటని నా అభిప్రాయము.

అదే 2000లో ఆ సంస్థయే నీటిలో కరగని రంగుపొడితో చేసిన సిరా గల 2000పి నమూనాను తెచ్చినది. ఈ సిరా వెలుతురునకును గాలికిని బాగుగ ఓర్చును. దానికిని ఒక కొరత యుండెను: దీపపు వెలుగున సరిగ నున్న బొమ్మ పగటి వెలుతురున పచ్చఛాయ పోయెడిది. తరువాతి తరముల సిరాలలో ఈ దోషము చాలవరకు తగ్గినది. ఆల్బములో మూసి యుంచు బొమ్మకు కరగు రంగు చాలును. గోడకు వ్రేలాడదీయు పెద్దవారి పటమునకు పొడిరంగే మేలు. ఏది కొన్నను వారమున కొక బొమ్మయైన అచ్చొత్తవలెను. లేనిచో సిరారంధ్రములు ఎండి మూసికొనిపోవును. వానిని శుభ్రపరచుకొనుటకు యంత్రము త్రాగు సిరా వెల తక్కువది కాదు.

సీడీ సంగతి మరియు సున్నితమైనది. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో జపానులో అమ్మకమునకు వచ్చెను. అది పన్నెండు సెంటీమీటర్ల పళ్లెము; మందము 1.2 మిల్లీమీటర్లు. ఇంటిలో వ్రాసికొనదగిన సీడీని తాయో యూడెన్ అను జపాను సంస్థ 1988లో ప్రకటించినది. అందు ఎమికో హమాదా అను రసాయన శాస్త్రజ్ఞురాలి కృషి ముఖ్యమైనది. ప్లాస్టిక్కుపై పలుచని రంగుపూత, దానిపై అద్దమువంటి లోహపు పూత, దానిపై వార్నిషు. లేజరు కిరణము క్రిందినుండి వచ్చి ఆ రంగును మాడ్చి గుర్తులు వ్రాయును. కనుక ఇందును మన జ్ఞాపకమును మోయునది రంగే. తొలినాటి పళ్లెములలో లోహము బంగారము. పిదప వెల తగ్గించుటకు వెండి వచ్చినది. వెండి గంధకపు గాలికి నల్లబడును, బంగారము నల్లబడదు.

చాలమంది సీడీ అడుగుభాగమును కన్నులవలె కాపాడి, పైభాగమును నిర్లక్ష్యము చేయుదురు. జరుగవలసినది దీనికి విరుద్ధము. అడుగున మిల్లీమీటరుకు మించిన ప్లాస్టిక్కు రక్షణ యున్నది. పైన నున్నది కొలది మైక్రానుల వార్నిషు మాత్రమే. బాల్‌పెన్నుతో గట్టిగ పేరు వ్రాసినచో క్రింది లోహము గీసికొనిపోవును. డీవీడీలో రెండు పలుచని పళ్లెములను అంటించి రంగుపూతను నడుమ దాచుటచే ఈ ప్రమాదము తక్కువ.

1990ల చివర, 2000ల మొదట స్టిక్కరు లేబుళ్లు విరివిగ వచ్చినవి. మన పెండ్లి వీడియోగ్రాఫర్లు వధూవరుల బొమ్మ గల స్టిక్కరును అంటించి ఇచ్చుట ఒక మర్యాదగా నుండెడిది. 52 రెట్ల వేగపు యంత్రమున పళ్లెము నిమిషమునకు దాదాపు పదివేల చుట్లు తిరుగును. అట్టియెడ వెంట్రుకవాసి ప్రక్కకు జరిగిన కాగితము పళ్లెమును ఊగించును. కాలముతో జిగురు ముడుచుకొని పళ్లెమును వంచును. పీకబోయిన లోహమునే ఊడబెరకును. ఫలితముగ పైన దంపతులు నవ్వుచునే యుందురు. క్రింద మంగళవాద్యము వినబడదు. ఆ పందిటిలో ఆశీర్వదించిన పెద్దలలో కొందరి కంఠము వేరెచ్చటను లేదు. ఈ నష్టమును ఏ దుకాణమును పూడ్చలేదు.

దీనికి విరుగుడుగా వచ్చినదే సిరా పీల్చు తెల్లని పూత గల పళ్లెము. పళ్లెమును చిన్న పలకలో నుంచి ప్రింటరులోనికి తిన్నగ పంపు యంత్రములు 2000ల తొలి యేండ్లలో ఇండ్లకు చేరినవి. ఈ పద్ధతిలో జిగురు లేదు, అదనపు బరువు లేదు. కొనునప్పుడు ఒక భేదమును గమనింపవలెను. కొన్ని పళ్లెములలో తెల్లపూత నడిమి రంధ్రము దాపునకు వచ్చును; కొన్నింటిలో వెడల్పైన వలయము బోడిగ నుండును. యంత్రమునకు ఈ కొలత సరిగ చెప్పనిచో సిరా వట్టి ప్లాస్టిక్కుపై పడి చేతుల కంటుకొనును. అచ్చైన పళ్లెమును ఒక దినమైన ఆరనిచ్చి పెట్టెలో నుంచుట మంచిది. తాయో యూడెన్ వారు నీటికి చెదరని మెరుపు పూతను గూడ తెచ్చిరి. హ్యూలెట్ పేకార్డ్ వారు లేజరుతోనే పైబొమ్మను కాల్చు లైట్‌స్క్రైబ్ పద్ధతిని 2004లో ప్రకటించిరి. అది ఒంటిరంగు, పైగా వెలుతురున వెలిసెడిది. నాలుగు దినముల ముచ్చటయే.

మన దేశమున నోయిడాలోని మోజర్‌బేర్ సంస్థ ప్రపంచములో పెద్ద పళ్లెపు తయారీదారులలో ఒకటిగా ఎదిగినది. తెలుగు చిత్రములతో సహా సినిమాలను అతి చౌకగా వీసీడీలపై అమ్మి ఇంటింటికి చేర్చినది. 2018లో అది మూతపడి ఆస్తుల విక్రయమునకు వచ్చినది. తాయో యూడెన్ 2015 చివర ఈ వ్యాపారమును విడిచెను. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వ్రాయదగిన బ్లూ-రే పళ్లెముల తయారీని ఆపివేసినది. పళ్లెములపై అచ్చొత్తు ప్రింటర్లు కొన్ని నమూనాలలో ఇంకను దొరకుచున్నవి; పళ్లెమును చదువు సాధనము మాత్రము నేటి ల్యాప్‌టాపులలో చాలవరకు లేదు.

కనుక బీరువాలోని పాత సీడీలను ఈ యేడే బయటకు తీసి, యూఎస్‌బీ తీగతో తగిలించు విడి డ్రైవునందు ఒక్కొక్కటిగ చదివించి, వేరొక చోట రెండు ప్రతులు చేసికొనవలెను. స్టిక్కరు అంటించిన వానిని మొదట చదివింపుడు. స్టిక్కరును పీకవలదు, తక్కువ వేగమున తిప్పినచో పెక్కుసారులు చదువబడును. పిదప క్రొత్త పళ్లెము చేయదలచినచో, బొమ్మను తెల్లపూతపై ముద్రించి, పేరును తేదీని నీటిసిరా గల మెత్తని మార్కరుతో నడిమి పారదర్శకపు వలయముపై వ్రాసికొనుడు. అచ్చట రంగుపూత లేదు, లోహము లేదు.