బోర్డు మీది మాటలకు ప్రతిపదార్థం

రాజమండ్రి దానవాయిపేటలో డాక్టరు గారి పిలుపు కోసం అరుగు మీద కూర్చున్నవాడికి ఎదురుగా ఉన్న బోర్డులు చదవడం తప్ప వేరే పనుండదు. వాటిలో ఒక తరహా బోర్డు ఉంది. పైన పేరు, దాని పక్కన డిగ్రీల వరుస, కింద రెండు ముక్కలు: ‘కిడ్నీ, ప్రోస్టేట్ వ్యాధుల నిపుణులు. కోత, కుట్లు లేకుండా లేజర్ ద్వారా రాళ్ల తొలగింపు.’ కావ్యాలకు వ్యాఖ్యలు రాసుకున్న వాళ్లం, బోర్డుకు రాస్తే తప్పేముంది? అన్వయం కుదరడానికి కింది నుంచి మొదలుపెడతాను.

రాళ్లు: సంస్కృతంలో అశ్మరి. అశ్మమంటే రాయి. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు తన సంహితలోని నిదానస్థానంలో దీన్ని నాలుగు రకాలు చేశాడు. వాత, పిత్త, కఫాల వల్ల వచ్చే మూడూ పిల్లల్లో ఎక్కువనీ, వాళ్ల మూత్రాశయం చిన్నది కనుక తీయడం తేలికనీ అన్నాడు. ఆయన చెప్పింది మూత్రాశయంలో రాయి. మనం ఇవాళ ‘రాళ్లు పడ్డాయి’ అనేది ఎక్కువగా కిడ్నీలోవి. మాట ఒకటే అయినా చోటు మారింది. రాళ్లకు మందని చెప్పుకునే పిండికూర మన గట్ల మీద మొలుస్తుంది, దాన్ని సంక్రాంతి రోజుల్లో పప్పులో వేసుకుంటాం. దాని పూర్తి పేరు కొండపిండి, అంటే కొండనైనా పిండి చేసేదని. పేరు పెట్టినవాడి నమ్మకం అందులో కనిపిస్తుంది. పేరే రుజువు కాదు కాబట్టి, నడుంలో పోటు పుట్టినప్పుడు కూర వండుకుంటూ కూర్చోకండి.

కోత: ఈ ఒక్క మాట మీదే యూరాలజీ చరిత్ర అంతా నడిచింది. సుశ్రుతుడి పద్ధతిలో రోగి మోకాళ్లు ముడిచి కట్టేవారు. వైద్యుడు ఎడమచేతి రెండు వేళ్లను ఆసనంలోంచి పోనిచ్చి రాయిని కిందికి నెట్టేవాడు. నడిమి గీతను సేవని అంటారు. దానికి ఎడమపక్కన యవగింజంత ఎడం వదిలి, రాయి ప్రమాణానికి తగినంత కోసేవాడు. రాయి చితకకూడదు, రవ్వంత మిగిలినా మళ్లీ పెరుగుతుందన్నాడు. ఇవాళ్టి సర్జన్ ముక్కలు మిగిలాయా అని స్కానింగ్ తీయించేదీ ఆ భయంతోనే. ఇంకొక మాట నాకు బాగా నచ్చుతుంది. చెయ్యకపోతే చావు ఖాయం, చేస్తే బతుకు సందేహం, కాబట్టి ప్రభువును అడిగి మరీ చెయ్యమన్నాడు. ఇప్పుడు మనచేత సంతకం పెట్టించుకునే కాగితానికి అది తాత. గ్రీకు వైద్యులైతే ఇంకో దారి తొక్కారు. హిపోక్రటీస్ పేరుతో ఉన్న ప్రమాణంలో, రాయి కోసం కోత పెట్టము, ఆ పని చేసేవాళ్లకే వదిలేస్తామని ఒట్టు. లండన్‌లో డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ 1658లో మత్తు లేకుండా కోయించుకుని బతికాడు, ఏటేటా ఆ రోజున విందు చేసుకున్నాడు. చేసుకోడూ మరి!

కుట్లు లేకుండా: ఇది కొత్త మాటనుకుంటాం. 1824లోనే పారిస్‌లో జాన్ సివియాల్ మూత్రనాళంలోంచి పనిముట్టు పంపి, రాయిని లోపలే నలిపి తీశాడు. అప్పటికి మత్తు లేదు, ఈథర్ మత్తు వచ్చింది 1846లో. 1877లో మాక్స్ నిట్జె దీపమున్న గొట్టంతో మూత్రాశయం లోపలికి తొంగిచూశాడు. అంతవరకూ చేసిందంతా తడుముకుంటూ చేసిన పనే. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో డాక్టర్ చౌసీ బృందం గొట్టం కూడా లేకుండా, ఒంటి బయటి నుంచి పంపిన షాక్ తరంగాలతో కిడ్నీలో రాయిని పగలగొట్టింది. విమానాల కంపెనీ డోర్నియర్ చేసిన పరిశోధనలోంచి పుట్టిన యంత్రమది.

లేజర్: రాయిని పొడి చేసే వెలుగు. అయితే అది రాయి దాకా చేరాలంటే గొట్టం వెళ్లాల్సిందే. కోత ఉండదని బోర్డు చెప్పింది నిజమే. నొప్పి ఉండదని రాయలేదు, అదీ మంచిదే. చాలామందికి లోపల స్టెంటు అనే సన్నని గొట్టం పెడతారు. నొప్పి తగ్గింది కదా అని దాన్ని మరిచిపోతే దానిమీదే మళ్లీ రాయి కడుతుంది. తీయించాల్సిన తేదీని ఇంటి క్యాలెండర్ మీద రాసుకోండి.

ప్రోస్టేట్: పెద్దవయసు మగవాళ్లకు రాత్రి నిద్ర లేకుండా చేసే గ్రంథి. పీటర్ ఫ్రేయర్ అనే ఐరిష్ డాక్టరు ఇండియన్ మెడికల్ సర్వీసులో మన దేశంలో రాళ్లు నలిపి నలిపి చెయ్యి తిప్పుకుని, లండన్ వెళ్లాక 1900లో పొత్తికడుపు మీదుగా ప్రోస్టేట్ తీసి, ఘనత తనదేనన్నాడు. న్యూయార్క్‌లో ఫుల్లర్ అనే సర్జన్ అంతకుముందే చేశాడు.

డిగ్రీలు: ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్., ఎం.సీహెచ్. ఈ వరుస దగ్గర ఆగాలి. ఈ చదువు మన చుట్టుపక్కల చెప్పే కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు వైద్యానికి మద్రాసు వెళ్లాడు. ఆపరేషన్ గదికి ఖద్దరు బట్టలతో వెళ్లేవాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చేతికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు కడిగాడు. 1954 డిసెంబరు 23న సర్జన్ జోసెఫ్ ముర్రే ఒక రోగికి అతని కవల సోదరుడి కిడ్నీని అమర్చింది ఆ ఆసుపత్రిలోనే. దాత ఒంట్లోంచి కిడ్నీ తీసింది యూరాలజిస్టు హార్ట్‌వెల్ హారిసన్. అప్పటికి సుబ్బారావు పోయి ఆరేళ్లు.

నిపుణులు: ఈ బోర్డు మీద ఈ మాట కత్తి పట్టినవాళ్లది. సుబ్బారావు కత్తి పట్టలేదు. 1925లో బయోకెమిస్టు ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి ఇచ్చాడు. లెడర్లీ మందుల సంస్థలో ఆయన నాయకత్వంలో తయారైన మెథోట్రెక్సేట్ అనే మందుకు తర్వాత మూత్రాశయ క్యాన్సర్‌తోనూ పనిపడింది. 1985లో న్యూయార్క్ వైద్యులు ఆ జబ్బుకు నాలుగు మందులు కలిపి ఇచ్చి, వాటి మొదటి అక్షరాలతో ఎం-వ్యాక్ అని పేరు పెట్టారు. అందులో ఎం అంటే మెథోట్రెక్సేట్.