కుర్చీలో మనిషి మారితే చాలునా? - శ్రీలంక అనుభవం

సిలోన్ రేడియోలో తెలుగు పాటలు విన్న తరం మనది. అందుచేత ఆ ద్వీపం నాకు పరాయి దేశమనిపించదు. 2022 జూలై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడిన దృశ్యాలు టీవీలో చూస్తుండగా, మా మనవడు "తాతయ్యా, కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటే అంతా సర్దుకుంటుంది కదా?" అని అడిగాడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఆ తరువాత ఆ దేశ చరిత్ర కొంత చదివాను. తెలిసినంతవరకు మిత్రులతో పంచుకుంటాను.

1948లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి అక్కడ కూడా మన దేశంలో వలెనే ప్రధానమంత్రిదే పెత్తనం. 1978లో జె.ఆర్. జయవర్ధనే హయాంలో వచ్చిన రాజ్యాంగం దానిని మార్చివేసింది. దేశాధినేత, ప్రభుత్వాధినేత, సర్వసేనాధిపతి మూడూ అధ్యక్షుడే అయ్యాడు.

విచిత్రమేమంటే, ఆ పదవిని రద్దు చేస్తామనో, దాని అధికారాలు తగ్గిస్తామనో చెప్పే పలువురు దానిని గెలుచుకున్నారు. 1994లో చంద్రికా కుమారతుంగ, 2005లో మహింద రాజపక్స, 2015లో మైత్రిపాల సిరిసేన అందరిదీ అదే మాట. పదవి మాత్రం పోలేదు. పైగా 2010లో 18వ సవరణ, రెండుసార్లకు మించి పోటీ చేయరాదన్న నిబంధనను ఎత్తివేసింది. 2015లో 19వ సవరణ అధికారాలకు కొంత కళ్ళెం వేసింది. గొటబాయ రాజపక్స వచ్చాక 2020లో 20వ సవరణ ఆ కళ్ళెం తీసివేసింది. 2022లో 21వ సవరణ మళ్ళీ కొంత బిగించింది.

ఇది లాయర్లు తేల్చుకోవలసిన గొడవ అని తోసిపుచ్చడానికి లేదు. 2019 చివరలో పన్నులు భారీగా తగ్గించారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని హఠాత్తుగా నిషేధించి, పంటలు దెబ్బతిన్నాక కొన్ని నెలలకే వెనక్కు తగ్గారు. "అయ్యా, ఇది తగదు" అని ఆపగలిగిన వ్యవస్థ లేకపోయింది. కోవిడ్ వల్ల పర్యాటకుల రాకా పడిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేశారు. ఆ సెప్టెంబరు నాటికి ధరల పెరుగుదల దాదాపు 70 శాతం. అంటే ఏడాది క్రితం నూరు రూపాయలకు వచ్చిన సరుకు నూట డెబ్భై అయింది. నెలసరి పెన్షన్ మీద బ్రతికేవారికి దాని అర్థమేమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అలాగని తప్పంతా ఆ కుర్చీదే అనడమూ న్యాయం కాదు. సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన చట్టం 1956 నాటిది, అంటే ప్రధానమంత్రి పెత్తనం కాలం నాటిది. తమిళుల గాయం అక్కడే లోతయింది. 1983 మారణకాండ, 2009 దాకా సాగిన యుద్ధం దాని వెనుక వచ్చినవే.

గొటబాయ దేశం విడిచి వెళ్ళాక 2022 జూలై 20న పార్లమెంటు 134 ఓట్లతో రణిల్ విక్రమసింఘేను ఎన్నుకున్నది. పెట్రోలు బంకుల ముందు క్యూలు క్రమంగా తగ్గాయి. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం మంజూరయింది. దేశానికి ఊపిరి ఆడింది. కాని రోగం కుదిరిందని జనం నమ్మలేదు. 2024 సెప్టెంబరులో అనుర కుమార దిస్సనాయకేను గెలిపించారు. నవంబరులో ఆయన కూటమికి 225 స్థానాలలో 159 ఇచ్చారు. అధ్యక్ష పదవి రద్దు హామీ ఈసారీ ఉన్నది. దానికి మూడింట రెండు వంతుల మెజారిటీతో పాటు ప్రజాభిప్రాయ సేకరణ కూడా కావాలి. ఆ మెజారిటీ మాత్రం ప్రజలు ఇచ్చేశారు.

నా ఉద్యోగ జీవితంలో మా సెక్షన్‌కు ఎందరో సూపరింటెండెంట్లు వచ్చి వెళ్ళారు. మంచివారు వస్తే ఫైళ్ళు కొంత చురుకుగా కదిలేవి. కాని చిక్కు నిబంధనలోనే ఉన్న ఫైలు, ఎవరు వచ్చినా, ఆ నిబంధన మారేదాకా కదలలేదు.

మనవడికి ఇప్పుడు ఇలా చెబుతున్నాను: "ఎన్నిక తలుపు తెరుస్తుంది నాయనా. ఇల్లు బాగుచేసుకోవడం ఆ తరువాతి పని." మన సంఘం ఎన్నికల నాడు సైతం ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకుంటే మంచిదని నా మనవి.