ఒంగోలు శనగ ధరలో కెనడా వాటా ఎంత?

ప్రకాశం జిల్లాలో శనగ ధర జారినప్పుడల్లా రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒకటుంది: కెనడా బఠానీ దిగింది, మన శనగ మునిగింది. ఈ మాటలో నిజమెంత? జవాబు కోసం మూడు సంగతులు విడివిడిగా చూడాలి. ఆ దేశపు నేల, వాతావరణం ఎలాంటివి? అక్కడ పండిన పంట బయటి దేశాలకు ఎందుకు పోక తప్పదు? దిగుమతులకూ ఇక్కడి ధరకూ ఉన్న సంబంధం గురించి గత పదేళ్ల అనుభవం ఏం చెబుతోంది?

రెండు మెట్ట సీమలు

కెనడా విస్తీర్ణం దాదాపు 99.8 లక్షల చదరపు కిలోమీటర్లు. రష్యా తర్వాత ప్రపంచంలో అదే పెద్ద దేశం. అయితే అందులో సాగుకు పనికొచ్చేది కొద్ది భాగమే. దేశంలో దాదాపు సగం మేర పురాతన శిలాఫలకం పరుచుకుని ఉంది. దాని మీద పలుచని మట్టి, అడవులు, లెక్కలేనన్ని సరస్సులు. ఇంకా ఉత్తరానికి పోతే ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల. సాగులో ఎక్కువ భాగం దక్షిణాన అమెరికా సరిహద్దును ఆనుకున్న ప్రెయిరీ మైదానాల్లో, అంటే ఆల్బర్టా, సస్కాచెవాన్, మానిటోబా రాష్ట్రాల్లో జరుగుతుంది.

పప్పుధాన్యాలకు కేంద్రం సస్కాచెవాన్. అక్కడి సస్కటూన్ నగరంలో వానా మంచూ కలిపి ఏడాదికి సగటున కురిసేది దాదాపు 350 మిల్లీమీటర్లే. ప్రకాశం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 870 మిల్లీమీటర్లు. కరవు జిల్లాగా పేరుపడిన మన ప్రాంతంతో పోల్చినా అక్కడ పడే నీరు సగం కన్నా తక్కువే. అయినా పంట పండుతోందంటే కారణం చలి. శీతకాలంలో పేరుకున్న మంచు ఏప్రిల్‌లో కరిగి నేలకు పదునిస్తుంది. ఎండ తీవ్రత తక్కువ కాబట్టి ఆ పదును త్వరగా ఆరిపోదు. ఏప్రిల్ చివర, మే నెలలో బఠానీ విత్తి ఆగస్టులో కోస్తారు. సెప్టెంబరు వస్తే మంచు దెబ్బ భయం.

మన దగ్గర జరిగేదీ ఇంచుమించు ఇదే. ఒంగోలు, నాగులుప్పలపాడు, మద్దిపాడు, పర్చూరు, ఇంకొల్లు ప్రాంతాల నల్లరేగడి అక్టోబరు, నవంబరు వానలకు తడిసి నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఆ పదునులో వేసిన శనగ తర్వాత చినుకు పడకపోయినా గింజ కడుతుంది. పైరు కోతకు వచ్చేసరికి చేను నెర్రెలు విచ్చి ఉంటుంది. పైరు వేరు మాత్రం అడుగున మిగిలిన తడిని అందుకుంటూనే ఉంటుంది.

రెండు చోట్లా నేల రంగు నలుపే, కారణాలు మాత్రం వేరు. ప్రెయిరీ మట్టికి ఆ రంగు వేల ఏళ్లపాటు గడ్డి వేళ్లు కుళ్లి చేరిన సేంద్రియ పదార్థం వల్ల వచ్చింది. మన రేగడి నల్లగా కనిపించినా అందులో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువే. దాని బలం తడిస్తే ఉబ్బి, ఆరితే ముడుచుకునే బంకమట్టిలో ఉంది. రంగు చూసి రెండింటి సారమూ ఒకటే అనుకోకూడదు.

పంట చరిత్ర కూడా దగ్గర దగ్గరగానే నడిచింది. గోధుమ, ఆ తర్వాత బీడు అనే పద్ధతిలో సాగిన సస్కాచెవాన్‌లో 1971లో విశ్వవిద్యాలయం పంటల అభివృద్ధి కేంద్రం మొదలైంది. 1978లో లెయిర్డ్ అనే మసూరు రకం విడుదలయ్యాక పప్పుధాన్యాలు విస్తరించాయి. ఇక్కడ 1999లో విడుదలైన శనగ రకం జేజీ-11, ఆ తర్వాత లావు గింజ రకం కాక్-2 ఆ పని చేశాయి. 2000-01లో పొగాకుకు పంట విరామం ప్రకటించడం కూడా రైతులను శనగ వైపు నడిపించిన కారణాల్లో ఒకటి.

జనం తక్కువ, చేను పెద్దది

2021 జనగణన ప్రకారం కెనడా జనాభా దాదాపు 3.7 కోట్లు, చదరపు కిలోమీటరుకు నలుగురు. 2011 లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 300కు పైనే. కెనడా జనంలో మూడింట రెండు వంతుల మంది దక్షిణ సరిహద్దుకు వంద కిలోమీటర్లలోపే ఉంటారు. ఒక్క సస్కాచెవాన్ రాష్ట్రమే ఆంధ్రప్రదేశ్‌కు నాలుగింతలు. 2021లో అక్కడి జనం మాత్రం 11 లక్షల చిల్లర.

ఈ ఖాళీ పూర్తిగా ప్రకృతి చేసింది కాదు. 1870ల్లో బ్రిటిష్ రాజ్యంతో కుదిరిన ఒప్పందాల తర్వాత క్రీ తదితర ఆదివాసీ జాతులు చిన్న చిన్న రిజర్వులకు పరిమితమయ్యాయి. 1872 భూచట్టం వలస వచ్చిన కుటుంబానికి 160 ఎకరాలు చూపించింది. 1885లో ఖండాంతర రైలు మార్గం పూర్తయింది. మెట్టలో 160 ఎకరాలు చాలక కమతాలు ఒకదానిలో ఒకటి కలుస్తూ వచ్చాయి. 2021 నాటికి సస్కాచెవాన్‌లో సగటు కమతం 1,766 ఎకరాలు. 2015-16 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సగటు 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపు.

తినేవారు తక్కువ, పండేది ఎక్కువ కావడంతో అక్కడి బఠానీలో అధిక భాగం ఎగుమతికే పోతుంది. రైలెక్కి, రాకీ పర్వతాలు దాటి, వాంకూవర్ రేవు చేరి ఓడెక్కుతుంది. ఎగుమతి ఆ దేశానికి భూగోళం, చరిత్ర కలిసి పెట్టిన షరతు. ఆ సరుకు మన రేవులో దిగాలా వద్దా అన్నది మాత్రం ఢిల్లీ తేల్చే సుంకం మీద ఆధారపడుతుంది.

ధర ఏం చెబుతోంది?

2016-17లో దేశం 66 లక్షల టన్నుల పప్పుధాన్యాలు దిగుమతి చేసుకుంది. 2017 నవంబరులో బఠానీపై 50 శాతం సుంకం పడింది. 2018 మార్చికి శనగపై సుంకం 60 శాతానికి చేరింది. తర్వాత బఠానీ దిగుమతి పరిమాణంపైనా ఆంక్షలు వచ్చాయి. తలుపు మూశాక ధర లేవాలి కదా? లేవలేదు. శనగ కోల్డ్ స్టోరేజీల్లోనే ఉండిపోయింది. చివరికి 2019లో రాష్ట్ర ప్రభుత్వం క్వింటాకు 1,500 రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. 2017-18లో దేశంలో శనగ దిగుబడి కోటి పది లక్షల టన్నులు దాటడం ఇందుకు పెద్ద కారణం. అంతకు ముందటేడు దిగిన సరుకు నిల్వలు కూడా కొంత పనిచేసి ఉండవచ్చు.

దీనికి భిన్నమైన అనుభవమూ ఉంది. 2023 డిసెంబరులో పసుపు బఠానీపై సుంకం ఎత్తేశారు. 2024 మేలో దేశీ శనగపైనా ఎత్తేశారు. అయినా 2024 రెండో సగంలో ఢిల్లీ మార్కెట్‌లో క్వింటా శనగ 7,000 రూపాయలు దాటింది. అప్పటి మద్దతు ధర 5,440. దీన్ని బట్టి దిగుమతి వల్ల నష్టం లేదనడం తొందరపాటు. ధర పెరిగినప్పుడే ప్రభుత్వం తలుపు తెరుస్తుంది. దిగుమతి లేకపోతే ధర ఇంకా పైకి పోయేదో లేదో ఈ అంకెలు తేల్చవు. 2024-25లో పప్పుల దిగుమతి 70 లక్షల టన్నులు దాటింది. అందులో పసుపు బఠానీయే 20 లక్షల టన్నులకు పైగా ఉంది. 2025 నవంబరు 1 నుంచి బఠానీపై 30 శాతం సుంకం మళ్లీ వచ్చింది.

బఠానీ శనగను దెబ్బతీసే దారి ప్రధానంగా పిండి మర. చవగ్గా దొరికినప్పుడు బఠానీ పిండి శనగపిండిలో కలుస్తుంది. బజ్జీల బండి దగ్గర ఆ తేడా కనిపెట్టడం కష్టం. కాబట్టి పప్పుకూ పిండికీ పోయే జేజీ-11పై ఒత్తిడి ఎక్కువగా, గింజగా వాడే కాక్-2పై తక్కువగా ఉండాలి. ఇది తర్కం చెప్పే మాట. రకాలవారీ ధరలతో సరిచూసుకోవాల్సిన అంచనా. పైగా అన్ని ఓడలూ కెనడావి కావు. బఠానీలో రష్యా, శనగలో ఆస్ట్రేలియా పెద్ద సరఫరాదారులు.

తేలిందేమిటి?

కెనడా బఠానీ ఒంగోలు శనగపై ఒత్తిడి పెట్టగలదు. ధర పతనానికి అదొక్కటే కారణమన్న వాదనకు మాత్రం 2018-19 అనుభవం, 2024 అనుభవం రెండూ అడ్డుపడుతున్నాయి. దేశంలో పండిన పంట, పాత నిల్వలు, సుంకం వేసే వేళ కూడా అంతే బలంగా పనిచేస్తాయి. వీటిలో ప్రభుత్వం చేతిలో పూర్తిగా ఉన్నది సుంకం. రబీ విత్తనం వేయకముందే, అంటే సెప్టెంబరు చివరికల్లా, రాబోయే మార్చి దాకా అమలయ్యే దిగుమతి సుంకాన్ని కేంద్రం ప్రకటించాలి. కోల్డ్ స్టోరేజీ నిల్వలను, జేజీ-11, కాక్-2 ధరలను విడివిడిగా వారం వారం వెల్లడించే పని రాష్ట్ర మార్కెటింగ్ శాఖ చేపట్టాలి. ఎన్ని ఎకరాల్లో శనగ వేయాలో రైతు అప్పుడే లెక్క చూసి తేల్చుకోగలడు.