ఖాజీ పీఠం నుండి సివిలు కోర్టు వరకు

వారసత్వపు వాటా, మహర్, వక్ఫు ఆస్తి - వీటిపై తగాదా వస్తే ఎవరిని ఆశ్రయించాలి? నేటికీ మనలో చాలామంది ముందుగా ఖాజీ సాహెబు గారి వద్దకే వెళతారు. ఆయన మాట గౌరవనీయమే. కాని ఆయన వ్రాసి ఇచ్చే కాగితం కోర్టు డిక్రీ కాదు. ఈ తేడా ఎలా ఏర్పడిందో మనం తెలుసుకోవాలి.

మొగలుల పాలనలో ఖాజీ ప్రభుత్వం నియమించిన న్యాయమూర్తి. 1765లో బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీ హక్కు ఈస్టిండియా కంపెనీకి దక్కింది. 1772లో వారెన్ హేస్టింగ్సు జిల్లాకొక మొఫస్సిలు దివానీ అదాలతును, అప్పీళ్ళకు కలకత్తాలో సదర్ దివానీ అదాలతును ఏర్పరచాడు. వారసత్వం, వివాహం వంటి విషయాలలో ముస్లింలకు ఖుర్ఆన్ ధర్మం, హిందువులకు శాస్త్రం వర్తించాలని నిర్ణయించాడు. అంటే ధర్మం నిలిచింది, న్యాయమూర్తి మారాడు. పీఠంపై కలెక్టరు కూర్చున్నాడు. మౌల్వీ ధర్మమేమిటో చెప్పే సలహాదారు అయ్యాడు.

తరువాత ఆ సలహాదారు కూడా తొలగిపోయాడు. మర్గీనానీ అరబ్బీలో రచించిన 'హిదాయా'ను పారశీక అనువాదం ఆధారంగా చార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1864 చట్టం కోర్టు మౌల్వీల పదవులను రద్దు చేసింది. ఇక జడ్జీలు అనువాదాలను, పూర్వపు తీర్పులను చూసి షరీఅత్‌ను నిర్ణయించసాగారు.

దీని ఫలితం వక్ఫు విషయంలో స్పష్టంగా కనిపించింది. సంతానానికీ, వారి తదనంతరం పేదలకూ చెందేటట్లు చేసే కుటుంబ వక్ఫును ఫిఖ్హ్ పండితులు అంగీకరించారు. 1892లో కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ తోటి జడ్జీలతో విభేదించి ఈ మాటే చెప్పారు. అయినా 1894లో లండనులోని ప్రీవీ కౌన్సిలు అటువంటి వక్ఫు చెల్లదన్నది. ముస్లింల ఆందోళన ఫలితంగా, జిన్నా ప్రతిపాదించిన 1913 చట్టం ఆ వక్ఫులకు మళ్ళీ చెల్లుబాటు కల్పించింది.

మరి ఖాజీ సంగతి ఏమిటి? 1864 చట్టంతో ప్రభుత్వం ఖాజీలను నియమించడం కూడా ఆగిపోయింది. ఇబ్బందులు రాగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొదట వర్తించింది మద్రాసు రాజధానికే. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులో ఉన్నాయి. అయితే ఖాజీకి ఎట్టి న్యాయాధికారమూ లేదని ఆ చట్టం నాలుగవ సెక్షనే స్పష్టం చేసింది.

తీర్పు చెప్పే అధికారం సివిలు కోర్టులదే. 1873 మద్రాసు సివిలు కోర్టుల చట్టం జిల్లా మునసబు, సబార్డినేటు జడ్జి, జిల్లా జడ్జి అనే మూడు అంతస్తులను నిర్ణయించింది. వారసత్వం, వివాహం, మతాచారాల విషయంలో ముస్లిం కక్షిదారులకు ముస్లిం ధర్మశాస్త్రమే వర్తించాలన్నది. తెలుగునాట దాని స్థానంలో 1972 చట్టం వచ్చింది. తరువాత మునసబు జూనియర్ సివిల్ జడ్జి అయ్యాడు, సబార్డినేటు జడ్జి సీనియర్ సివిల్ జడ్జి అయ్యాడు. దావా విలువను బట్టి ఏ కోర్టో తేలుతుంది.

1908 సివిలు ప్రొసీజరు కోడు తొమ్మిదవ సెక్షను ప్రకారం, చట్టం నిషేధించనంతవరకు సివిలు స్వభావం గల ప్రతి దావానూ ఈ కోర్టులు వినవచ్చు. కనుక ఆస్తి పంపకం దావా ఇక్కడికే వస్తుంది. కాని 1984 చట్టం కింద ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట వివాహం, మనోవర్తి, పిల్లల సంరక్షణ వ్యాజ్యాలు అక్కడికి వెళతాయి. 1995 చట్టం వక్ఫు వివాదాలను ట్రిబ్యునలుకు అప్పగించింది. దాని తీర్పుపై హైకోర్టుకు అప్పీలు హక్కును 2025 సవరణ ఇచ్చింది.

ఫత్వాకు, దారుల్ ఖజా నిర్ణయానికి చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అవి ధర్మమేమిటో తెలుపుతాయి, ఇరుపక్షాలూ ఇష్టపడితే తగవు తీరుస్తాయి. కాని సోదరుడు వాటా ఇవ్వనంటే, సోదరికి డిక్రీ ఉన్నప్పుడే కోర్టు అమీనా ఆ ఇంటి గడప తొక్కుతాడు. ఖుర్ఆన్ నిర్ణయించిన వాటా ఆమె చేతికి అందాలంటే షరీఅత్‌తో పాటు కోర్టు మార్గమూ తెలిసినవారు మనలో ఉండాలి. 1894 నుండి 1913 వరకు సాగిన వక్ఫు పోరాటం నేర్పే పాఠం ఇదే.