సులైలో మోడెం మోత

సౌదీలో ఇంటర్నెట్ జనానికి అందింది 1999 జనవరిలో. అంతకుముందు ఆత్రపడ్డవాళ్లు బహ్రెయిన్‌కి ఐఎస్‌డీ డయల్ చేసేవారు, బిల్లు సంగతి అడక్కండి! రియాద్ శివారు సులైలో మా గదిలోని కంప్యూటర్లో లినక్స్ ఉండేది. లోపలున్న విన్‌మోడెం విండోస్ సాఫ్ట్‌వేర్ లేనిదే ఉలకదు, పలకదు. సీరియల్ పోర్టుకి వేరే మోడెం తగిలిస్తే ‘నో డయల్‌టోన్’ అంది. రిసీవరెత్తితే టోన్ నిక్షేపంలా ఉంది! దేశానికో రకం టోను మరి. ‘ఏటీఎక్స్3’ ఇస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేసింది. పీపీపీ కలిసింది. అంకెల చిరునామాకి పింగ్ వెళ్లింది, పేరుకి వెళ్లలేదు. ‘రిజాల్వ్.కాన్ఫ్’ ఫైల్లో డీఎన్ఎస్ సర్వర్ అంకెలు రాశాక మెయిల్ తెరుచుకుంది. గదిలో మిత్రుడికి వాళ్ల తమ్ముడు హైదరాబాద్ నెట్ సెంటర్ నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: “నాన్న ఆపరేషన్ బాగా జరిగింది, లేచి కూర్చున్నాడు.”